మంచిగ లేనని చెప్పనియ్యండి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందే ఒక మాట చెబుతాను. శిక్షణలో మీ చేతికి ఒక పుస్తకం ఇస్తారు. మనసుకు తగిలిన దెబ్బను ఎవరికి వారే ఎలా మాన్పుకోవాలో, ఊపిరి ఎలా తీయాలో, ఒంటినీ మనసునూ ఎలా కలుపుకోవాలో బొమ్మలతో సహా అందులో ఉంటుంది. తీసుకోండి, చదవండి. కానీ దాన్ని పట్టుకుపోయి మనుషుల నెత్తిన రుద్దకండి. నేను రుద్దనన్నాను. దాంతో నాకు మొండిది అని పేరొచ్చింది. రిటైరయ్యేదాకా ఆ పేరుతోనే తిరిగాను. దానివల్ల నాకు పోయిందేమీ లేదు.

నడుము నొప్పి అని వచ్చేవాళ్లు

నేను ఫిజియోథెరపిస్టును. మా నాయన ఎల్లంతకుంట దగ్గర తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. చెట్టు మీద నుంచి జారిపడ్డవాళ్లను మంచం మీద మోసుకురావడం చూస్తూ పెరిగాను కాబట్టి, విరిగిన నడుములు నాకు చిన్ననాటి నుంచీ చుట్టాలే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సర్కారు దవాఖానాల్లోనే నా సర్వీసంతా గడిచింది.

మా దవాఖానాల్లో ఒక పంపకం ఉండేది. మనసు పై గదిలో డాక్టరుది, నడుము కింది గదిలో నాది. వచ్చే మనిషి మాత్రం ఒక్కడే. పై గదికి పొమ్మంటే ఎవడూ పోడు. "నాకేమన్న పిచ్చిలేసిందా మేడం?" అని ఎదురడుగుతాడు. మెడ పట్టేసిందనో, భుజం గుంజుతోందనో, అరికాళ్లు మండుతున్నాయనో చెప్పుకుంటూ నా గదికే వస్తాడు. నేను మెడ మీద చెయ్యి వేసి ఊరికే పట్టి చూస్తుండేదాన్ని. కాసేపటికి అసలు మాట బయటికొచ్చేది. పంట పోయింది. మరమగ్గాలు బంద్ పడ్డాయి. దుబాయికి పోయినవాడు ఫోన్ ఎత్తడం లేదు.

'మీకు మానసిక ఒత్తిడి ఉందా?' అని అడగమని పైనుంచి రాసి పంపేవాళ్లు. అలా అడిగితే అందరూ లేదనే అంటారు. మా దగ్గర ఆ బాధ పేరు రంది. దిగులు, చింత, గుండెకోత అన్నీ కలిసిన మాట అది. "రంది ఏడ కూసున్నది?" అని అడిగి చూడండి. ఒకడు కడుపు చూపిస్తాడు, ఒకామె గొంతు పట్టుకుంటుంది, ఒక ముసలామె మోకాలు చూపిస్తుంది. ఒళ్లు, మనసు వేరువేరని వాళ్లకెవరూ నేర్పలేదు. మనమే నేర్పి, మళ్లీ కలుపుతామని పుస్తకాలు అచ్చేస్తున్నాం.

సాంచాల పక్క గోడ

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచ నడిపే సత్తయ్య అనే ఆయన మెడ పట్టేసి నా దగ్గరికొచ్చాడు. పక్క సాంచ మీది తోటి పనివాడు, చిన్ననాటి దోస్తు, అప్పటికి కొన్నాళ్ల కిందటే ప్రాణం తీసుకున్నాడు. పుస్తకంలో ఉన్నట్టే ఆయనను ఒక గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరేసి, కళ్లు మూసుకుని ఆ నిశ్శబ్దాన్ని వినమన్నారు మా పై గదివాళ్లు. నాలుగు శ్వాసలు కూడా తీశాడో లేదో, సత్తయ్య లేచి చెమటలు కక్కుతూ బయటికొచ్చేశాడు. సహకరించని మనిషి అని రాసుకున్నారు.

నేను అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఏమైందని అడిగాను.

"మేడం, సాంచాలు సప్పుడు జేత్తున్నయంటే కరెంటు ఉన్నట్టు, పని ఉన్నట్టు, పక్కోడు బతికున్నట్టు. సప్పుడు ఆగిందంటే ఏదో ఒకటి పోయినట్టే. గసుంటి గదిల నన్ను నిమ్మలంగ కూసోమంటరు. ఎట్ల కూసోవాలె?"

మరునాడు నేనే ఆయనను ఆయన పనిచేసే కార్ఖానా దగ్గరికి తీసుకుపోయాను. లోపలికి కాదు, బయటి గోడ దగ్గరికి. వీపు గోడకు ఆనించమన్నాను. లోపల సాంచాలు నడుస్తుంటే ఆ అదురు గోడలోంచి వెన్నులోకి వస్తుంది. చూస్తుండగానే ఆయన భుజాలు దిగాయి. ఆ గోడ దగ్గరే రోజూ మెడ వ్యాయామాలు చేయించాను. కొన్నాళ్లకు లోపలికి పోయి నిలబడ్డాడు. దోస్తు సాంచ దాకా పోయి ఏడ్చి వచ్చాడు. మెడ తిరిగింది.

పుస్తకం రాసినవాళ్లను తప్పుబట్టను. వాళ్ల ఊళ్లో నిశ్శబ్దమంటే విశ్రాంతి కావచ్చు. సిరిసిల్లలో కాదు. అది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, అడిగితే చాలు.

పచ్చ పుస్తకం

ఇప్పుడు నా మొండితనం కథకు వస్తాను. ఊళ్లకు ఊళ్లు గల్ఫ్ బాట పట్టిన రోజులు. కోరుట్ల బస్టాండులో సూట్‌కేసులు లేని పొద్దు ఉండేది కాదు. పోయినవాళ్లలో కొందరు పెట్టెల్లో తిరిగొచ్చేవాళ్లు. ఆ ఇళ్ల ఆడవాళ్లకు ధైర్యం చెప్పాలని సర్కారు ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మనుషులు చాలక నన్నూ అందులో వేశారు. పచ్చ అట్ట ఉన్న పుస్తకాలు కట్టలు కట్టలుగా దిగాయి. అట్ట మీద 'స్వయం సహాయం' అని పెద్ద అక్షరాలు.

నాతో సుజాత అనే అమ్మాయి పనిచేసేది. రుద్రంగి పిల్ల, చురుకైంది, ఊరందరికీ తెలిసిన మనిషి. స్వయం సహాయం పుస్తకం చెప్పడానికి మేడం వస్తోందని వాళ్ల ఊళ్లో చాటింపు వేయించింది. పోయేసరికి బడి గది నిండా ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ పొదుపు సంఘం పాసుబుక్కులు. మా ఊళ్లలో స్వయం సహాయమంటే సంఘం ఇచ్చే అప్పే మరి. సంగతి చెప్పగానే సగం మంది నవ్వుకుంటూ లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో గంగమణి ఉంది.

గంగమణి బీడీలు చుట్టేది. మగడు రాజేశం దుబాయిలో కట్టుబడి పనికి పోయాడు. రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదని గదిలో తోటివాడు ఫోన్ చేశాడు. వారాలు గడుస్తున్నా శవం రాలేదు. ఆ ఫోన్ ఎత్తిన కుడిచెయ్యి ఆ రోజు పిడికిలి పడింది, మళ్లీ విచ్చుకోలేదు. ఎముకల ఫొటో బాగుంది, నరాలు బాగున్నాయి. బావ మల్లేశం, అంటే రాజేశం అన్న, అదంతా నాటకమన్నాడు. అత్త లచ్చవ్వ మాత్రం అప్పటికే కోడలిని నా దగ్గరికి తోలుకొచ్చింది. కొడుకు పోయిన తల్లి తానే నిలబడలేక నిలబడుతూ, "దీని చెయ్యి జూడు బిడ్డా. గీ చెయ్యి లేకుంటే మా ఇంట్ల పొయ్యి ముట్టది" అంది.

వేడినీళ్లలో పెట్టి ఒక్కో వేలూ విప్పేదాన్ని. విడిచిన మరుక్షణం మూసుకుపోయేది. చెయ్యి నాటకమాడదు. అది నమ్మలేని మాట విన్నది, గట్టిగా పట్టుకుంది, వదలడానికి భయపడుతోంది. నాకు అర్థమైంది అంతే. గంగమణి మనసులో రాజేశం చచ్చిపోలేదు. కళ్లతో చూడని చావును ఎట్లా ఒప్పుకుంటుంది? అతన్ని చూడనిదే ఈ చెయ్యి తెరుచుకోదని నేను అప్పుడే అనుకున్నాను.

రుద్రంగి బడి గదిలో

ఆ రోజు సుజాత పుస్తకం తీసి అభ్యాసం మొదలుపెట్టింది. అరికాళ్లు నేలకు ఆనించమంది. బాగుంది. వీపు నిటారుగా పెట్టమంది. అదీ బాగుంది. తర్వాత అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, 'నేను క్షేమంగా ఉన్నాను' అని మూడుసార్లు అనుకోవాలని రాసి ఉంది. ఆ మాట ఊరివాళ్లకు అతకదని సుజాతకు తోచింది. పాపం మంచి మనసుతోనే మార్చింది.

"గుండె మీద చెయ్యేసుకోండ్రి. 'నేను మంచిగనే ఉన్న' అనుండ్రి" అంది.

ఒకరిద్దరు అన్నారు. వెనక కూర్చున్న ఒక ముసలామె బోసినోటితో నవ్వి, "గిది మా కొడుకు ఫోన్ల జెప్పే మాటనే గద పిల్లా" అంది.

గది అంతా ఒక్కసారి కదిలినట్టయింది. నిజమే. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి ఫోనూ ఆ మాటతోనే మొదలవుతుంది. అంతకు ముందు ఉత్తరాల కాలంలో 'నేను ఇక్కడ క్షేమం' అని రాసేవాళ్లు, ఫోన్లు వచ్చాక 'మంచిగనే ఉన్న, రంది వెట్టుకోకు' అంటున్నారు. జీతం ఇవ్వకపోయినా అదే మాట. పాస్‌పోర్టు గుంజుకున్నా అదే మాట. ఎండకు సొమ్మసిల్లి పడి లేచి వచ్చి చేసే ఫోనులోనూ అదే మాట. అది అబద్ధమని ఈవల విన్నవాళ్లకూ తెలుసు. తెలిసీ ఇటు నుంచి 'మేం గూడ మంచిగనే ఉన్నం' అంటారు.

గంగమణి చెయ్యి గుండె మీద పెట్టుకోలేదు. పిడికిలి కడుపుకు ఆనించుకుని లేచి నిలబడింది.

"గా మాట నేనన. పానం వొయ్యే ముందటి రోజు గాయన గదే అన్నడు. మల్ల గదే మాట నాతోని ఎందుకు అనిపిత్తరు?"

సుజాత నా వైపు చూసింది. నేను పుస్తకం మూసేశాను.

"నిజమే గంగమణీ. అనకు" అన్నాను. "ఎట్లున్నవో గట్లనే చెప్పు."

గంగమణి అంది, "నేను మంచిగ లేను."

పక్కనున్నామె అంది. ఆ పక్కనామె అంది. కొందరు చేతులు కడుపు మీద పెట్టుకుని అన్నారు, కొందరు మెడ పట్టుకుని అన్నారు. ముసలామె అందరికంటే గట్టిగా, "నేను అస్సలే మంచిగ లేను, నా మోకాళ్లు గూడ మంచిగ లెవ్వు" అనేసరికి ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. ఆ మధ్యాహ్నం ఆ బడి గదిలో జరిగినదాన్ని నేను వైద్యమే అంటాను. ఎవరైనా కాదంటే వాళ్లతో ఇప్పటికీ వాదనకు సిద్ధం.

చించిన పేజీ

జగిత్యాలలో మా కార్యక్రమానికి పెద్ద సారు ఉండేవాడు. చెడ్డవాడు కాదు. పేషెంట్ల మీద గొంతెత్తడం నేనెన్నడూ వినలేదు. కానీ పుస్తకాన్ని దేవుడి పటంలా చూసేవాడు. నేను ఆ వాక్యం ఉన్న పేజీని నా దగ్గరున్న పుస్తకాలన్నిటి నుంచి చింపేశానని తెలిసి పిలిపించాడు.

"మేడం, అది నిపుణులు ఆలోచించి పెట్టిన వాక్యం."

"నిపుణుల ఇంటివాళ్లు దుబాయికి పోలేదు సార్."

"అది భద్రతా భావం కలిగించే అభ్యాసం. ప్రపంచమంతా చేస్తున్నారు."

"భద్రత లేనివాళ్లతో భద్రంగా ఉన్నామని అనిపిస్తే అది అభ్యాసం కాదు, నోరు మూయించడం. వాళ్ల మగవాళ్లతో కంపెనీలు అనిపించేది కూడా అదే మాట."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీరు ఫిజియోథెరపిస్టు. చెయ్యి సంగతి చూడండి, చాలు" అన్నాడు.

"చెయ్యి సంగతే చూస్తున్నాను" అని వచ్చేశాను. నాలుగు రోజులకు మెమో వచ్చింది. దాని వెనక వైపు తెల్లగా ఉంది, గంగమణి వేళ్ల వ్యాయామాల బొమ్మలు గీసుకోవడానికి పనికొచ్చింది.

పిల్లలూ, ఇక్కడ నా మాట సరిగ్గా వినండి. ఊపిరి అభ్యాసాలు దండగని నేను అనడం లేదు. నేలకు ఆనించిన అరికాలు, నెమ్మదిగా వదిలిన ఊపిరి నిజంగా పనిచేస్తాయి. నేను ఇప్పటికీ చేస్తాను. కానీ 'మీ గాయాన్ని మీరే మాన్పుకోండి' అనే మాటలో ఒక మోసం దాగి ఉంది. గాయం చేసినవాడి పేరు అందులో ఉండదు. మనిషికి సాయపడాల్సిన చోట, నీకు నువ్వే సాయం చేసుకో అని చేతులు దులుపుకోవడానికి ఆ పుస్తకాన్ని అడ్డం పెట్టుకోకండి. గంగమణికి కావలసింది శ్వాస కాదు. తన మనిషిని చూడడం. అది ఆమె ఒక్కతే చేసుకోగలిగిన పని కాదు.

పెట్టె

పెట్టె వచ్చిన పొద్దు సుజాత ఫోన్ చేసింది. "మేడం, జెల్ది రాండ్రి. మల్లేశమన్న పెట్టె ఇప్పొద్దంటున్నడు. గట్లనే కాష్టం మీద వెడుతరట" అంది. నేను పోయేసరికి ఇంటి ముందు జనం. వాకిట్లో పొడుగాటి చెక్కపెట్టె, దాని మీద అతికించిన కాగితాలు. లచ్చవ్వ పెట్టె మీద వాలిపోయి ఉంది. గంగమణి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి, పిడికిలి గట్టిగా ఉంది.

మల్లేశం ఊరి పెద్దమనుషులను పక్కన నిలబెట్టుకున్నాడు. అతనిదీ దుఃఖమే, కాదనను. తమ్ముడిని చూసే ధైర్యం అతనికే లేదు. దాన్ని పద్ధతి అంటున్నాడు.

"ఇన్నొద్దుల పీనుగ మేడం. ఎట్లుంటదో ఏమో. ఆడోళ్లు తట్టుకోరు. జూత్తె జన్మంత గదే యాదికుంటది" అన్నాడు.

"చూడకపోతే జన్మంతా ఏం యాదుంటుంది మల్లేశం? ఈ చెక్కలా?" అన్నాను. "మా దవాఖానా పెద్ద డాక్టరును ముందే అడిగాను. మందులు పట్టించి పంపుతారు, మొహం వరకు చూడొచ్చన్నాడు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పాడు. పిల్లలను అటు పంపండి, మూతికి గుడ్డలు కట్టుకోండి. నేను పక్కనే ఉంటాను."

"మా ఇంటి ముచ్చట్ల మీరెందుకొత్తున్నరు?"

నిజమే, నాకు ఆ ఇంట్లో హక్కు లేదు. నేను నోరు తెరిచేలోపే గోడ దగ్గరి నుంచి గంగమణి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఇంటి ముచ్చటే బావా. గాయన నా ఇంటాయన. పొయ్యేనాడు మొకం జూసి తోలిచ్చిన. అచ్చేనాడు మొకం జూడకుంట కాలవెట్టన. మీకు బుగులైతే అవుతలికి వోండ్రి. నేనే ఇప్పుత."

మల్లేశం ఏదో అనబోయాడు. పెట్టె మీద నుంచి లచ్చవ్వ తల ఎత్తింది. "నా కొడుకును నాకు సూపియ్యరాదుర మల్లిగా. నీ కాళ్లు మొక్కుత" అంది. తల్లి కాళ్లు మొక్కుతాననే మాట వినీ నిలబడగలిగే కొడుకు ఉండడు. అతను తలవంచుకుని అరుగు దిగిపోయాడు.

గంగమణి ఎడమచేత్తో గడ్డపార అందుకుంది. ఒక్క చెయ్యి చాలలేదు. సుజాత ఇంకో పక్క పట్టింది, నేను పట్టాను. మేకులు కీచుమని లేచాయి. మూత తీశాక లోపలి గుడ్డ నేనే తొలగించాను. మొహం నల్లబడింది, ఉబ్బింది. గంగమణి చాలాసేపు చూసింది. గుర్తుపట్టలేదేమోనని నాకు భయమేసింది. అప్పుడు ఆమె వంగి అతని చెవి పక్కన ఏదో చూసింది. చిన్నప్పుడు కొడవలి గీసిన గాటు అని తర్వాత చెప్పింది.

వెంటనే ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది.

"మంచిగనే ఉన్న అంటివి గదయ్యా" అంది. "ఫోన్ జేసినప్పుడల్ల గదే అంటివి. గిట్లనా మంచిగుండుడు?"

అంటూ పెట్టె అంచు మీద కొట్టింది. కుడిచేత్తో కొట్టింది. పిడికిలితో కాదు, అరచేత్తో. ఆ చెయ్యి మళ్లీ ఆకు కత్తిరించి బీడీ చుట్టేదాకా రావడానికి మేమిద్దరం తర్వాత ఎన్నో నెలలు కష్టపడ్డాం. ఒక్క పూటలో బాగైందని నేను ఎక్కడా చెప్పను. కానీ ఆ వేళ్లు విచ్చుకోవడం నా కళ్లతో చూశాను. మళ్లీ కొట్టింది, మళ్లీ తిట్టింది. కడుపులో ఉన్నదంతా గొంతులోకి వచ్చి, అప్పుడు ఏడ్చింది. వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది.

ఎవరో పెద్దమనిషి, "ఇగ సాలు, పట్టుకోండ్రి ఆమెను" అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు ముందుకొచ్చారు. నేను రెండు చేతులూ చాపి వాళ్లకు అడ్డం నిలబడ్డాను.